కనపడని ముగ్గు

దక్షిణామూర్తి ఉద్యోగ జీవితంలోకెల్లా పెద్ద తప్పు పదకొండు సెకన్లలో జరిగిపోయింది. అందులో నాలుగు సెకన్లు ఆయన టీ తాగుతున్నాడు.

అది తప్పని మర్నాటిదాకా ఆయనకి తెలియలేదు. పైగా ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, ఓ పెద్దావిడకి బస్సు ప్రయాణం తప్పించానని లోలోపల మురిసిపోయాడు కూడా. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అచ్చం అలాగే అయింది.

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే రోడ్డు మీద, సముద్రం హోరు వినపడేంత దూరంలో, రుచుల పరిశోధన కేంద్రం ఉంది. ఊళ్లోవాళ్లు దాన్ని రుచుల ఆఫీసంటారు. ముప్పై ఏళ్లుగా అక్కడి కంప్యూటర్ల బాగోగులు చూసేది మూర్తే. వచ్చే శ్రావణంలో రిటైరవుతాడు. అంతకంటే ముందే పాత కంప్యూటరు రిటైరవుతోంది. సోమవారం దాన్ని ఊడదీసుకుపోతారు. కొత్తదానిలోకి వెళ్లేముందు ఖాతాలున్నవాళ్లందరూ పాస్‌వర్డ్ మార్చుకోవాలని, మార్చుకోని ఖాతా తుడిచిపెట్టుకుపోతుందని సర్క్యులర్ వచ్చింది. రెండువందల పన్నెండు మందిలో అందరూ మార్చుకున్నారు, ఒక్క నూకరత్నం తప్ప. ఆవిడకి విషజ్వరం తగిలి కీళ్లు పట్టేశాయని, నెలన్నరగా గడప దాటడం లేదని కబురొచ్చింది.

పాపం, ఆవిణ్ణి జగన్నాథపురం నుంచి ఇంతదూరం రప్పించడమెందుకు అనుకున్నాడు మూర్తి. నల్లతెర ముందు కూర్చుని రూట్‌గా, అంటే ఆ యంత్రానికి సర్వాధికారిగా, లోపలికి వెళ్లాడు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు మార్చుకోబోతే యంత్రం ముందు పాతదేమిటని నిలదీస్తుంది. రూట్‌ని ఏమీ అడగదు. పాస్‌వర్డ్ మార్చే కమాండు కొట్టి, పక్కన నూకరత్నం ఖాతా పేరు కొట్టాడు. కొత్తది చెప్పమంది, చెప్పాడు. ఇంకోసారి చెప్పమంది, చెప్పాడు. మారిందంది. మామూలు ఖాతాలకి ఆ పని కొన్ని వందలసార్లు చేసిన చెయ్యి. అలవాటు పడ్డ చెయ్యి ఆలోచన కోసం ఆగదు.

కానీ నూకరత్నంది మామూలు ఖాతా కాదు.

ముప్పై ఏళ్ల కిందట ఆ కేంద్రంలో డాక్టర్ హైమవతి ఓ రేకు కనిపెట్టింది. ఉల్లిపొరకన్నా పల్చటిది. దాన్ని నాలుక మీద పెట్టుకుని ఏది తింటే ఆ రుచిని పట్టుకుని కంప్యూటర్లోకి పంపేది. తిన్నవాళ్లకి ఆ పూట నోటికేమీ తెలియదు, రుచిని రేకే ఎగరేసుకుపోతుంది. తర్వాత ఎప్పుడైనా అదే రేకు పెట్టుకుని ఖాతా తెరిస్తే, మెతుకు ముట్టకుండానే ఆ రుచంతా నోట్లోకి తిరిగొస్తుంది. అదీ ఆ నాలుకకే. వేరేవాళ్లు పెట్టుకుంటే కాస్త జివ్వుమంటుంది, అంతే.

ఈ పని కోసం నోరు తెలిసిన మనుషులు ఏడుగురిని వెతికారు. వాళ్లలో నూకరత్నం మొదటిది. అప్పట్లో ఆవిడ జగన్నాథపురంలో మెస్సు నడిపేది. బ్రహ్మచారి మూర్తి రెండు పూటలా అక్కడే తినేవాడు. ఆవిడ వండేటప్పుడు ఉప్పూ కారం నోట్లో వేసుకుని చూడటమనే మాటే లేదు. అది ఎంగిలి. చేతి కొలతే కొలత, వాసనే సాక్షి. "రుచి చూడకుండానే ఇంత బాగా వండే మనిషి, రుచి చూస్తే ఎంత చెప్తుందో!" అని హైమవతి పట్టుబట్టి ఆవిణ్ణి తీసుకొచ్చింది.

ఆ రోజులు తలుచుకుంటే మూర్తికి ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. పదకొండున్నరకల్లా నాలుగు గిన్నెల క్యారేజీ పట్టుకుని ఆవిడ రిక్షా దిగేది. చెప్పులు బయట విప్పి, ఏసీ గదిలోకి వస్తూనే "అబ్బ, ఇదేం సలండీ బాబూ, మనుషుల్నేమైనా నిలవ పెడతారేటి?" అనేది. పనసపొట్టు కూర, కంద బచ్చలి, చింతచిగురు వేసిన రొయ్యల ఇగురు. ఆవిడ రేకు పెట్టుకుని రెండు ముద్దలు తినేది, మిగతాది ఆఫీసు మొత్తం తినేది. సైన్సు ఇంత కమ్మగా ఉంటుందని మూర్తికి కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఎనిమిదో ఏట ఆవిడ ఓ మధ్యాహ్నం బెల్లంముక్క నోట్లో వేసుకుని, సుద్దముక్కలా ఉందంది. ఆ నెలలోనే మిగతా ఆరుగురూ అదే మాటన్నారు. రేకు రుచిని ఎగరేసుకుపోతూ ఎగరేసుకుపోతూ ఏడు నాలుకల్నీ అరగదీసేసింది. దానికి మందు లేదు. హైమవతి ఆ రోజే రేకు పని ఆపించింది. చెయ్యగలిగిందల్లా ఇంకొకటే చేసింది. ఎవరి నాలుక నుంచి తీసిన రుచులు వాళ్లకే చెందాలని, ఆ రుచుల పెట్టెల్ని వాళ్ల వాళ్ల పాస్‌వర్డుతోనే బిగించాలని నిబంధన పెట్టించింది. డైరెక్టరు కాదు కదా, రూట్ కూడా తెరవలేడు.

నిబంధన ప్రకారం పెట్టె బిగించింది సాక్షాత్తూ మూర్తే. ఖాతాదారు స్వయంగా పాస్‌వర్డ్ మార్చుకుంటే, యంత్రం పాతదానితో పెట్టె తెరిచి కొత్తదానితో మళ్లీ బిగిస్తుంది. రూట్ మారిస్తే దానికి పాతది తెలియదు కాబట్టి పెట్టె జోలికి పోదు. శుక్రవారం పొద్దున ఏడు పెట్టెల్నీ సరిచూస్తుంటే ఆరు పెట్టెలకి తాళం కుదిరింది, ఏడోదానికి కుదరలేదు. వీధి తలుపుకి కొత్త తాళం వేసొచ్చాడు. లోపలి బీరువా ఇంకా పాత తాళంచెవే అడుగుతోంది.

ఆ పెట్టెలో ఏముందో ఆయనకి తెలుసు. నెలకోసారి నూకరత్నం వచ్చి, రేకు పెట్టుకుని, ఏదో ఒక్కటి రుచి చూసి వెళ్తుంది. ఓ నెల పనసపొట్టు, ఓ నెల ఉత్త మజ్జిగన్నం. ఇరవై రెండేళ్లుగా ఆవిడ నోటికి తెలిసిన రుచులు ఆ పన్నెండే, ఏడాదికి. ఒక్కటి మాత్రం ఇంతవరకు తెరవలేదు. మామిడికాయ వేసిన సందువా చేపల పులుసు. అది వండిన రోజు భర్త పెద్దిరాజు ఇంట్లో భోంచేసి, అరుగు మీద నడుం వాల్చి, మరి లేవలేదు. ఆ కబురొచ్చేసరికి ఆవిడ ఇక్కడ రేకు పెట్టుకుని అదే పులుసు తింటోంది. ఇంటికి పరిగెత్తింది. ఆ రుచి యంత్రానికి తెలుసు, ఆవిడకి తెలియదు. "ఈసారి అది పెట్టనా అక్కగారూ?" అని మూర్తి అడిగినప్పుడల్లా, "ఇప్పుడు కాదు బాబూ, ఉండనీండి" అనేది.

మధ్యాహ్నం ఎండలో జగన్నాథపురం వెళ్లాడు. నూకరత్నం మంచం మీద దిండుకి ఆనుకుని మునగాకు దూస్తోంది.

"ఇదేటి మూర్తిబాబూ, ఇంతెండలో! కూకోండి. మజ్జిగిమ్మంటారా?"

"వద్దక్కగారూ. ముందు నేను చెప్పేది వినండి. నా వల్ల ఘోరం జరిగిపోయింది."

అంతా చెప్పాడు. ఆవిడ మునగాకు పళ్లెం పక్కన పెట్టి ఓపిగ్గా విన్నది.

"అయితే పాతది కావాలి. అంతేనా?"

"అంతే. మీకు గుర్తుందా?"

"గుర్తులేకేం? మొన్నగదా మార్సింది."

మూర్తికి ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి కాగితం తీశాడు. "చెప్పండి, రాసుకుంటాను. ఏం మాటది?"

"మాటైతే గదండీ సెప్పడానికి?" నూకరత్నం సిగ్గుపడ్డట్టు నవ్వింది. "ముగ్గు."

మూర్తికి అర్థం కాలేదు. ఆవిడ పళ్లెంలో బియ్యప్పిండి తెప్పించుకుని వేలితో చూపించింది. మొదటిరోజు మూర్తే ఆవిణ్ణి యంత్రం ముందు కూర్చోబెట్టి, "మీకు మాత్రమే తెలిసింది ఏదైనా కొట్టండి, తెర మీద ఏమీ కనపడదు, కంగారు పడకండి" అని చెప్పి మర్యాదగా మొహం తిప్పుకున్నాడు. కనపడకపోవడం ఆవిడకి వింతగా తోచలేదు, దేవుడికి మొక్కుకుంటే మాత్రం కనపడుతుందా అనుకుంది. వింతగా తోచింది మీటల మీది అక్షరాలే. అవి ఇంగ్లీషువి, ఆవిడకి రావు. అడగడానికి మొహమాటం. తేరిపార చూస్తే అవి నాలుగు వరసల చుక్కల్లా కనిపించాయి. కాస్త ఒంకరగా పెట్టిన చుక్కలు. చుక్కలున్నాక ముగ్గెయ్యడానికేం? చుక్క నుంచి చుక్కకి వేలు నడిపించింది. మూడు నెలలకోసారి మార్చమన్నప్పుడల్లా ఇంకో ముగ్గు.

"ముప్పై ఏళ్లలో నూటిరవై ముగ్గులా!" అన్నాడు మూర్తి.

"ఏసింది మళ్లీ ఏత్తే బాగోదు గదండీ," అందావిడ.

శనివారం పొద్దున ఆటోలో ఆవిణ్ణి తీసుకొచ్చాడు. కాగితం మీద రాసుకుంటానంటే కుదరలేదు. ముగ్గు చేతికి తెలుసుగానీ నోటికి తెలియదంది. రుచుల గదిలో తన పాత కుర్చీలోనే కూర్చుని, కొత్త కీబోర్డు మీద కలువపువ్వు వేసింది. యంత్రం కాదంది. మళ్లీ నిదానంగా వేసింది. కాదంది.

"కలువేనండి. నాకు బాగా గుర్తు."

"పోనీ అంతకుముందుది వేసి చూడండి."

తాబేలు వేసింది. అది తన అత్తగారు నేర్పిందట, ఒక్క మెలిక తప్పితే చేతి మీద చీపురుపుల్లతో కొట్టేదట. కాదంది. నాగుపాము మెలిక వేసింది. కాదంది. తమలపాకులు వేసింది, అవి పెద్దిరాజుకిష్టం, పీటల మీద పెళ్లికూతురు వేసిన ముగ్గని ఊరంతా చెప్పుకుని తిరిగాడట. కాదంది. ఆవిడ ఒక్కో ముగ్గుకీ ఒక్కో కథ చెప్తోంది, యంత్రం అన్నిటికీ ఒకే మాట చెప్తోంది. మధ్యాహ్నానికి నలభై దాటాయి. మూర్తి పక్కనే నిలబడి, అలవాటు కొద్దీ ప్రతిసారీ మొహం తిప్పుకుంటూనే ఉన్నాడు.

కబురు తెలిసి హైమవతి వచ్చింది. ఆవిడకి ఎనభై ఏళ్లు దాటాయి, చేతికర్ర లేనిదే అడుగు పడదు. కుర్చీ లాక్కుని నూకరత్నం పక్కన కూర్చుంది.

"రత్నం, నీ నాలుక నేను తీసేసుకున్నాను. మిగిలిన పెట్టె వీడు మూసేశాడు. మా ఇద్దర్నీ ఏం చేసినా పాపం లేదు."

"ఊరుకోండమ్మా. మీరు తీసుకోటమేటి, నేనే సాపాను. మీకు మాత్రం తెలిసేటండి?" అంది నూకరత్నం. ఆ తర్వాత తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. "నాలిక్కి తెలీకపోయినా సేతులకి తెలుసుననుకున్నాను. ఇయ్యి కూడా మర్సిపోయాయేటో బాబూ. ఆ పులుసొక్కటీ... ఎప్పుడో ఒకప్పుడు సూద్దాంలే, సూద్దాంలే అని దాసుకున్నాను."

అప్పటిదాకా ఏడవకుండా ఉన్న మనిషి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూర్తికి భూమిలోకి దిగిపోవాలనిపించింది. వందల పాస్‌వర్డులు మార్చాడు, ఎవరి కంటా నీరు తెప్పించలేదు. దయతో చేసిన ఒక్కటే ఇలా కొరివి పెట్టింది.

అన్నం వేళకి స్టోర్సు జోగినాథం తలుపు దగ్గర తచ్చాడాడు. జోగినాథం తుక్కు పారేయని మనిషి. ఆయన గదిలో ఇంకా రిబ్బన్లున్నాయి, టైపు మిషనువి. చంకలో ఏదో పాత కాగితంలో చుట్టి తెచ్చాడు.

"సార్, పోయిన్నెల ఈ గదిలోంచి తీసిన పాత కీబోర్డండి. పారేయమన్నారు గానీ నాకు సెయ్యాడలేదండి. అలవాటైన పీట మీదే గారె బాగా వత్తాది గదా, రత్నంగారికి ఇది పెట్టి సూడండి."

"పెడితే పెట్టు, పోయేదేముంది?" అన్నాడు మూర్తి నీరసంగా. పెద్దగా ఆశ లేదు. మీటలన్నీ అవే, వరసలన్నీ అవే. అయినా తగిలించాడు.

నూకరత్నం కళ్లు తుడుచుకుని, పసుపుపచ్చగా మారిన ఆ మీటల్ని ఓసారి నిమిరి, కలువపువ్వు వేసింది.

పెట్టె తెరుచుకుంది.

జోగినాథం, "నే సెప్పలా!" అన్నాడు, ఏదో తనకి ముందే తెలిసినట్టు.

మూర్తి ఊరుకోలేకపోయాడు. ఆవిడ వేలు నడిచిన మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. పై వరసలో కుడిచివర బ్రాకెట్టు గుర్తున్న మీట దగ్గర ఆగాడు. అది నొక్కితే లోపలికి వెళ్తోంది గానీ యంత్రానికేమీ చేరడం లేదు. ఆ మీట ఊడదీసి చూస్తే, కింద ఎండి గట్టిపడిన మినప్పిండి. మెస్సు నడిపే రోజుల్లో గారెల పిండి చేతులతో నేరుగా వచ్చి కూర్చునేది కదా ఆవిడ, ఎన్నేళ్ల కిందటి పిండో! ఆ గదికి వచ్చేవాళ్లలో బ్రాకెట్టుతో ఎవరికీ పనిలేదు. ముగ్గుకి మాత్రం అది కూడా ఓ చుక్కే. ఇన్నేళ్లుగా ఆవిడ నిండు ముగ్గు వేస్తోంది, యంత్రం ఓ చుక్క తక్కువ ముగ్గు దాచుకుంటోంది. తెర మీద ఏమీ కనపడదు కాబట్టి ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు. కొత్త కీబోర్డు మీద ఆ చుక్క కూడా పడేసరికి, ఇది నా ముగ్గు కాదంది యంత్రం.

ఇదంతా మూర్తి చెప్తే నూకరత్నం బుగ్గన చెయ్యేసుకుంది. "అయ్ బాబోయ్. సుక్క పోయిన ముగ్గుతోటేనా ఇన్నాళ్లూ తాళమేసుకున్నాను? మా అత్తగారింటే సంపేసేది!"

నవ్వుకున్నారు. హైమవతి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ తర్వాత మూర్తి, తను పెట్టిన పాస్‌వర్డు తీసేసి ఖాతాకి మళ్లీ ఆ పాత కలువే పెట్టించి, ఆవిణ్ణే కమాండు ముందు కూర్చోబెట్టాడు. పాతది అడిగింది, వేసింది. కొత్తది అడిగింది, రెండుసార్లు వేసింది. ఈసారి పెట్టె కూడా కొత్త తాళానికి మారిందని తెర మీద అక్షరాలు పడ్డాక, మూర్తి రెండురోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు.

"ఆటో పిలవనా అక్కగారూ? అలిసిపోయారు."

"ఉండండి." ఆవిడ లేవలేదు. "రేకు తీసుకురండి."

"ఏది పెట్టమంటారు? పనసపొట్టా?"

"పులుసు."

మూర్తి హైమవతి వైపు చూశాడు. హైమవతి నూకరత్నం వైపు చూసింది.

"దాసుకుంటే దక్కేలా లేదండి," అంది నూకరత్నం. "పెట్టండి."

మూర్తి రేకు కడిగి ఇచ్చాడు. ఆవిడ నాలుక మీద పెట్టుకుని, బాసింపట్టు వేసుకోవడానికి మోకాళ్లు సహకరించక కుర్చీలోనే ఒద్దిగ్గా సర్దుకుని, కళ్లు మూసుకుంది. భోజనానికి కూర్చున్న మనిషిలాగే ఉంది. మూర్తి వరసలో ఆ తేదీ వెతికి, నొక్కాడు.

కాసేపు ఆవిడ మొహంలో ఏమీ కదలలేదు. తర్వాత పెదాలు కదిలాయి. గుటక వేసింది. మామిడికాయ పులుపుకి కాబోలు ఓ కన్ను చికిలించింది. మళ్లీ గుటక వేసింది. అంతలో కనుబొమలు ముడిపడ్డాయి.

రేకు తీసేసి, కళ్లు తెరిచింది.

"ఏమైందక్కగారూ? బావుందా?" మూర్తి భయంభయంగా అడిగాడు.

"ఉప్పు తక్కువైంది."

"ఏంటండీ?"

"ఉప్పండి. సప్పగా ఉంది పులుసు. సగానికి సగం తక్కువైంది." ఆవిడ ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూసింది, ఎవరైనా కాదంటారేమోనన్నట్టు. "ఆ మడిసి ముప్పై రెండేళ్లు నా ఉప్పుకి పేరెట్టాడండి. రవ్వంత తగ్గితే కంచం తోసేసేవోడు. ఈదంతా ఇనపడేలా అరిసేవోడు. ఆ రోజు మాత్తరం... మారడిగి ఏయించుకున్నాడు బాబూ. 'బాగా కుదిరిందే' అన్నాడు. నేన్నిజవే అనుకుని క్యారేజీ పట్టుకుని వొచ్చేశాను."

హైమవతి ఆవిడ చెయ్యి పట్టుకుంది. నూకరత్నం ఏడుస్తోందో నవ్వుతోందో మూర్తికి తెలియలేదు. రెండూ ఒకేసారి చేస్తోందనుకుంటా. కాసేపటికి పైటచెంగుతో మొహం తుడుచుకుని, రేకు మళ్లీ నాలుక మీద పెట్టుకోబోతూ ఆగింది.

"మారెయ్యండి మూర్తిబాబూ," అంది.